ఖాకీ మీద నడికట్టు

ఎనభై ఎనిమిది ఎండాకాలం. మిర్యాలగూడలో రైసుమిల్లు ముందు డ్రైవర్ తావుర్యా లారీ దిగాడు. దిగినవాడు దిగినట్టే వంగి ఉండిపోయాడు. మిల్లు యజమాని రాజారత్నం నవ్వి, దండాలు తర్వాత పెడుదువుగాని, ముందు కాటాకు పోనీయమన్నాడు. అది దండం కాదని, నడుము పట్టేసిందని తెలిశాక నవ్వు ఆగింది. తాళంచెవి లాక్కున్నాడు.

"నడుము లేనోడికి స్టీరింగెందుకు?"

మెత్తగా ఉంటే డ్రైవర్లు కునుకు తీస్తారని ఆ ఏడే సీట్లన్నీ పీకించి చెక్కలు బిగించింది ఆయనే.

వెనక లారీలోంచి దుర్గయ్య అంతా చూశాడు. దిగి తావుర్యాను పట్టుకోవాలనిపించింది. దిగితే తనూ వంగే ఉంటాడు. తన తాళంచెవీ పోతుంది. దిగలేదు. ఆ సిగ్గు సూర్యాపేట దాకా వెంట వచ్చింది.

మర్నాడు పొద్దున సూర్యాపేట రోడ్డు మీద బుచ్చమ్మ హోటల్లో ఆ మిల్లు డ్రైవర్లంతా కూడారు. తావుర్యా కోసం బండ్లు ఆపుదామని దుర్గయ్య అంటే ఎవరూ ఊ అనలేదు. ఒకడి నడుము కోసం అందరూ పస్తులుండాలా అని కోదాడ అచ్చయ్య వాదించాడు. తనకు ఏ నొప్పీ లేదన్నాడు.

"మరి కూసోవేందే అచ్చయ్యన్నా? వచ్చినకాన్నుంచి నిలబడే సాయ తాగుతున్నవ్" అంది బుచ్చమ్మ.

అందరూ నవ్వారు. దుర్గయ్య నవ్వలేదు. చొక్కా గుండీలు విప్పాడు. లోపల నడుముకు బిగించి కట్టిన పాత చీరపేలిక.

"ఇది లేకుంటే క్లచ్చు తొక్కలేను. నిన్న తావుర్యా కోసం దిగలే. భయపడ్డ."

అచ్చయ్య గ్లాసు కింద పెట్టాడు. మెల్లగా చొక్కా ఎత్తాడు. అక్కడా పేలికే, పసుపుపచ్చది. తర్వాత పెంటయ్య. తర్వాత బెంచీలన్నీ. ఎవరింటి చీర వాళ్ల నడుముకుంది. ఇన్నాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు.

ఆ మర్నాడు మిల్లు గేటు ముందు లారీలు వరసగా ఆగిపోయాయి. పేలికలు ఖాకీ చొక్కాల మీదికొచ్చాయి. ఊడదీసిన చెక్కలు యజమాని గది ముందు పడ్డాయి. తావుర్యాను పనిలోకి తీసుకోవాలి, సీట్లు బిగించాలి. అంతదాకా ఏ బండీ కదలదన్నారు.

"ఈ చెక్క మీద కోదాడ దాకా పోయి రా సేటూ. నిటారుగ దిగినవంటే మేమే బిగించుకుంటం" అన్నాడు దుర్గయ్య.

రాజారత్నం పోలీసులకు ఫోన్ చేశాడు.

దుర్గయ్యను జీపెక్కించారు. జీపు నడిపే కానిస్టేబుల్ తలుపు పట్టుకుని, పళ్లు బిగించి, ఓ పక్కకు ఒరిగి సీట్లో కూర్చున్నాడు. దుర్గయ్య ఆ ఒరగడం గుర్తుపట్టాడు.

"ఎన్నేండ్లాయెనే అన్నా?"

అతను ఇంజను స్టార్ట్ చేశాడు. జీపుకు అడ్డంగా తావుర్యా వచ్చి నిలబడ్డాడు, వంగే. పక్కన అచ్చయ్య. వాళ్ల వెనక పేలికలు కట్టిన నడుములన్నీ.

పోనీయమని ఎస్సై అరిచాడు.

కానిస్టేబుల్ వాళ్లను చూశాడు. ఇంజను ఆపి తాళంచెవి తీసి ఎస్సై చేతిలో పెట్టాడు.

"నడుము పట్టేసింది సార్."