ముక్కు మేస్త్రి ఇంట్లో నీలిమంట

...అయినా మంటకి గొంతుంటుందని చెబితే ఎవరు నమ్ముతారు? సన్నగా పెడితే ఒక గొంతు, పెద్దది చేస్తే ఇంకొకటి, బర్నరు కన్నాలు పూడుకుపోతే ఒక నస. ముప్పై ఎనిమిదేళ్ళు ఇళ్ళిళ్ళూ తిరిగి గ్యాసు పైపులు బిగించినవాడికి అవన్నీ ఇరుగుపొరుగు గొంతుల్లా గుర్తుంటాయి. ఈ పలకకి మాత్రం గొంతే లేదు. వంటగది గట్టు మీద నల్లగా, నున్నగా, ఎవరి జోలికీ పోనట్టు పడుకుని ఉంది కరెంటు పొయ్యి. కింద అట్టపెట్టెలో ఇంకా విప్పని నీళ్ళ హీటరు.

రెండూ మోసుకొచ్చినవాడు మేస్త్రి బావమరిది, భార్యకి తమ్ముడు. వాడు ఎలక్ట్రీషియను. పెళ్ళైన నాటి నుంచీ బావాబావమరుదులకి ఇదే పంచాయితీ. గ్యాసు గొప్పదా, కరెంటు గొప్పదా అని భోజనాల దగ్గర మొదలుపెడితే చేతులు ఎండిపోయేదాకా లేచేవారు కాదు.

ఇవాళ వాడు తగువుకి రాలేదు. ఫ్రిజ్ మీది అయస్కాంతం బిళ్ళ పీకి, అక్క గిన్నెలకి ఒక్కొక్కదానికీ అంటించి చూస్తున్నాడు.

"ఇది పనికొస్తుంది. ఇది పనికిరాదు. ఇదీ పనికిరాదు. అయస్కాంతం అంటుకోకపోతే ఈ పొయ్యి మీద వేడెక్కదక్కా."

"నలభై ఏళ్ళు పనికొచ్చిన గిన్నెలు నీ బిళ్ళ అంటుకోలేదని పనికిరాకుండా పోయాయా? నువ్వూ అంటుకోవు దానికి. నిన్నూ పారేద్దామా?"

"నన్ను మా ఆవిడ ఎప్పుడో పారేసింది గానీ, నా మాట విను. మంట ఉండదు, లీకేజీ బెంగ ఉండదు, నీళ్ళు ఎప్పుడు తిప్పితే అప్పుడు వేడిగా వస్తాయి. ఇద్దరే ఉంటారు. వయసు మీద పడుతోంది."

"కరెంటు పోతే?"

"పోతే చన్నీళ్ళు పోసుకో. బావకి కాస్త బుద్ధైనా వస్తుంది."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. ఈ మధ్య అతని నవ్వులన్నీ అలాగే వస్తున్నాయి. ముందు ఎదుటివాళ్ళ మొహం చూసి, ఆ తర్వాత.

భార్యతో అతని పరిచయం మొదలైందే పొయ్యి దగ్గర. కొత్త కనెక్షను ఇవ్వడానికి ఆమె పుట్టింటికి వెళ్ళాడు. ఇంట్లోవాళ్ళంతా గుమ్మం అవతల నిలబడి తొంగిచూస్తుంటే, ఆమె ఒక్కతే దగ్గరికొచ్చి, "పేలుతుందా?" అని అడిగింది. "ముందు అగ్గిపుల్ల, తర్వాత మర. వరస తప్పనంతవరకూ ఏమీ కాదు," అన్నాడు. పుల్ల గీసింది. మర తిప్పింది. ఆ నీలిరంగు ఆమె గడ్డం కింద పరుచుకోవడం అతనికి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంటుంది. ఆ తర్వాత ఆ పొయ్యికి నెలకో రిపేరు వచ్చేది. ఏ రిపేరూ లేదని ఇద్దరికీ తెలుసు.

సొంతిల్లు కట్టుకున్నాక గీజరు తనే బిగించాడు. గ్యాసు గీజరు స్నానాలగది లోపల ఉండకూడదని, బయట గాలాడే నడవలో పెట్టాడు. ఆమె లోపల కుళాయి తిప్పగానే బయట 'భుప్'మని అంటుకునేది. "వెలిగిందా?" అని లోపలినుంచి అరుపు. "వెలిగింది!" అని బయటినుంచి అతని జవాబు. పోట్లాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా ఆ రెండు మాటలు మాత్రం ఆగలేదు. వాటిని మాటల కింద లెక్కవేయకూడదని ఎవరూ చెప్పకుండానే ఒప్పందం కుదిరిపోయింది.

పేటలో అతనికి ముక్కు మేస్త్రి అని పేరు. లీకులు పట్టే మీటరు చూపించనిది కూడా ముక్కుతో పట్టేవాడు. మేడ మెట్ల మీదే ఆగి, "మూడో అంతస్తు, ఎడమవైపు వంటిల్లు," అని చెప్పేవాడు. నిజానికి ఆ గ్యాసుకి తనదంటూ వాసనే లేదు. మనుషులు పసిగట్టాలని ఆ కుళ్ళువాసన కావాలని కలుపుతారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఈ సంగతి చెప్పి, వాళ్ళు నోరెళ్ళబెడితే ముచ్చటపడేవాడు.

మూడు నెలల కిందట జ్వరం వచ్చింది. తగ్గింది. పోతూ పోతూ వాసనలన్నీ మూటగట్టుకుపోయింది. మొదట జలుబనుకున్నాడు. తర్వాత సబ్బు వాసన చూశాడు, కిరోసిను సీసా మూత తీసి చూశాడు, తన చొక్కా తనే వాసన చూశాడు. ఏమీ లేదు. అద్దంలో చూస్తే ముక్కు ఉన్నచోటే ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏం మిగులుతుంది? ముక్కు తీసేస్తే మేస్త్రి మిగలాలి కదా. పనులు మానేసి మూడేళ్ళయింది, ఆ మేస్త్రీ లేడు.

"అసలు నీకు పాల సంగతి చెప్పలేదు కదూ?" ఆమె తమ్ముడివైపు తిరిగింది.

"పది రోజుల కిందట పాలు పొయ్యి మీద పెట్టి డాబా మీదికెళ్ళాను, బట్టలు తీద్దామని. వచ్చేసరికి పాలు పొంగి, మంట ఆరిపోయి, ఇల్లంతా గ్యాసు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మీ బావ ఇదిగో, ఈ కుర్చీలోనే, పేపరు చదువుతూ కూర్చున్నారు! 'అయ్యో, ఏమండీ!' అని గోల పెడితే, ఏమన్నారో తెలుసా? 'నీ ముక్కు పనిచేస్తోందో లేదో చూద్దామని ఊరుకున్నా,' అన్నారు. నాకు పరీక్ష పెట్టారట!"

బావమరిది కుర్చీ చేతులు చరుస్తూ నవ్వాడు. "పాసయ్యావా?"

"'ఇంకో నిమిషం చూసి నేనే ఆపేసేవాణ్ణి,' అన్నారు. వీధి వీధంతా చెప్పాను. ఈయన ముక్కు ఉండగా నాకేం భయంరా? మధ్యాహ్నం పొయ్యి మీద పప్పు పెట్టి కంటినిండా నిద్రపోతాను."

ఆ రోజు నిజంగా జరిగిందేమిటంటే, అతను పేపర్లో పెళ్ళిసంబంధాల ప్రకటనలు చదువుతున్నాడు, ఎవరికీ అవసరం లేకపోయినా. గ్యాసు అతని ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి వస్తూనే ఉంది. ఆమె కెవ్వుమన్నాకే తలెత్తాడు. ఆ అబద్ధం తను ఆలోచించి చెప్పింది కాదు. నోరే చెప్పేసింది. ఆమె అంత తేలిగ్గా నమ్మేస్తుందనుకోలేదు. నమ్మడమే కాదు, మర్నాటి నుంచి పొయ్యి వదిలేసి ఇంకాస్త దూరం వెళ్ళడం మొదలుపెట్టింది.

బావమరిది లేచి నల్ల పలక తీగ చుట్టాడు. "సరే బావా, ఓడిపోయాను. నీ ముక్కు ముందు నా కరెంటు ఏపాటిది? పక్కవీధిలో ఒకళ్ళు అడుగుతున్నారు, వాళ్ళకిచ్చేస్తా." హీటరు పెట్టె భుజానికెత్తుకుని, పలక చంకలో పెట్టుకుని గుమ్మంవైపు నడిచాడు.

"ఉండరా, కాఫీ తాగి వెళ్ళు," అంటూ ఆమె పొయ్యి వెలిగించింది. ముందు పుల్ల, తర్వాత మర.

ఇన్నేళ్ళ తగువు నెగ్గాడు. మంట అతని ఇంట్లోనే ఉంటుంది, నీలంగా, తన గొంతుతో. నోరు మూసుకుంటే చాలు. ఆమె వంగి మంట తగ్గిస్తోంది. ఆ వెలుగు ఇప్పుడు ముడతలు పడ్డ గడ్డం కింద ఆగి ఉంది. పొయ్యి మీద పప్పు, కంటినిండా నిద్ర అన్న మాటలు అతని చెవిలో జోరీగల్లా తిరుగుతున్నాయి.

"నాకు వాసన రాలేదు."

"ఏమిటి?"

"ఆ రోజు. పాలు పొంగినప్పుడు. నాకు వాసన రాలేదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ రావడం లేదు. పరీక్షా లేదు, పాడూ లేదు."

గుమ్మం దగ్గర పెట్టె ఆగింది. ఆమె అతనివైపు చూసింది. కోపమో, భయమో, రెండూ కలిసి ఇంకేదో.

"మరి రోజూ కాఫీ వాసన అదిరిందంటున్నారు?"

"నీ మొహం చూసి చెబుతున్నా."

"నేను వీధంతా చెప్పుకున్నానే," అందామె. "నా పక్కన కూర్చుని ఒక్కరే మోశారా ఇన్నాళ్ళూ?"

"అక్కా..." అన్నాడు బావమరిది. భుజం మీది పెట్టె రెండో భుజానికి మార్చుకున్నాడు.

ఆమె పొయ్యివైపు తిరిగింది. పాలగిన్నె దించింది గానీ మంట ఆపలేదు. మర మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. ఆ చెయ్యి తిప్పదని అతనికి తెలుసు. తిప్పమని అడిగే హక్కు కూడా తనకి లేదనిపించింది.

అతను లేచాడు. గట్టు కింద చెయ్యి పెట్టి, గోడలోంచి వచ్చే పైపు మీద వాల్వు తడిమాడు. దాని పిడి పైపు వెంబడే, తెరిచినట్టు ఉంది. తన చేత్తో బిగించిందే. బొటనవేలితో పావు చుట్టు తోశాడు. పైన మంట కుంచించుకుని ఆరిపోతుండగా, పిడి పైపుకి అడ్డంగా నిలబడింది.