గేటు అవతలి విలుకాడు

ఆదివారం భోజనాలయ్యాక అద్దాల షాపులో కోత బల్ల మీది గాజు పెంకులు ఊడ్చేసి దుప్పటి పరిచేవాళ్లు. దాని మీద పాచికలు, పెన్సిళ్లు, గళ్ల కాగితం, వేలెడంత బొమ్మలు. వారమంతా అద్దాలు కోసే బావా బావమరుదులిద్దరూ ఆ పూట మాత్రం ఆటలో వేషాలు కట్టి అడవులూ కోటలూ పట్టుకు తిరిగేవాళ్లు. కథ నడిపేది పక్క సందులోని టైపిస్టు అమ్మాయి. రాక్షసుడూ తానే, వానా తానే, వంతెన కింద మొసలీ తానే.

బావ ఎప్పుడూ డాలు పట్టేవాడే. పదేళ్లుగా అదే వేషం కావడంతో బజార్లో కూడా అతనికి డాలు అనే పేరే ఖాయమైపోయింది. డాలు పట్టడమంటే తేలికేం కాదు. తన కాగితం మీద ఒకరి పేరు రాసుకుని వాళ్లకి అండగా నిలబడాలి. ఆ మనిషి చేతికందే దూరంలో ఉండగా దెబ్బ పడబోతే, పాచికల లెక్క తేలకముందే "నా మీదికి" అనాలి. దెబ్బ ఇటు తిరుగుతుంది. ఆ వంతులో తను మళ్లీ కత్తి ఎత్తకూడదు. అతని కాగితం మీద మొదట్నుంచీ ఒకటే పేరు, బావమరిదిది. వాడేమో విలుకాడు. దూరాన్నుంచి బాణాలేసి పేరంతా తనే కొట్టేసే రకం.

ఆటలో తిన్న దెబ్బ సాయంత్రానికల్లా డాలు ఒంటి మీద తేలేది. తోడేలు కరిస్తే పిక్క మీద పళ్ల గాట్లు, గద తగిలితే వీపు మీద కమిలిన మచ్చ. భార్య కాపడం పెడుతూ, "ఈ వారం ఏమిటండీ, తోడేళ్లా?" అనేది.

"తోడేళ్లే. నీ తమ్ముడు బాగానే ఉన్నాడులే."

ఆమెకి కావాల్సిందీ ఆ రెండో మాటే. షాపులోనూ ఇదే వరస. ఓసారి నిచ్చెన జారి బావమరిది పడుతుంటే డాలు "నా మీదికి" అన్నాడు. వాడు లేచి చొక్కా దులుపుకున్నాడు, ఇతని నుదుటి మీద బొప్పి కట్టింది. ఓనరు చూసి, "సరే, పూట సెలవు తీసుకో" అన్నాడు. అంతే.

ఇలా ఉండగా షాపులో పాత మేస్త్రీ మానేశాడు. సోమవారం పొద్దున ఇద్దరూ చెరో నిలువుటద్దం కొయ్యాలి, గీత చెదరకుండా కోసినవాడే మేస్త్రీ అన్నాడు ఓనరు. డాలు చెయ్యి ఎంత నిబ్బరమైందో తెలిసి కూడా ఈ పరీక్షేమిటో! పైకి అనడు గానీ, పదేళ్లుగా ఆ పని కోసమే కాచుకుని ఉన్నాడు డాలు. బావమరిది నవ్వేసి, "నీదే బావా, నేను ఊరికే లెక్కకి" అన్నాడు.

ముందురోజు ఆదివారం. ఆట ఒక వంతెన దగ్గరికొచ్చింది. నడుమ రాక్షసుడు, అవతల కోట గేటు. డాలు తన బొమ్మని విలుకాడి బొమ్మకి ఆనించి పెట్టి, "నువ్వు నా వెనకే ఉండరా, నేను చూసుకుంటా" అన్నాడు.

బావమరిది ఏదో చీటీ రాసి, మడిచి, టైపిస్టు చేతిలో పెట్టాడు. రహస్యపు ఎత్తులకి చీటీలు మామూలే. ఆమె ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. "ఇదే ఖాయమా?"

"ఖాయమే."

"విలుకాడు రాక్షసుడి పక్కనుంచే గేటు లోపలికి వెళ్లిపోయాడు," అంది ఆమె. "లోపల్నుంచి గడియ పెట్టాడు. రాక్షసుడు అడ్డు చెప్పలేదు. ఇద్దరికీ ఒప్పందం కుదిరింది."

డాలు నవ్వాడు. ఏదో పెద్ద ఎత్తే అనుకున్నాడు, వెర్రి మనిషి. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"నీ వంతు కాదన్నా. రాక్షసుడిది." మూడు పాచికలు వేసింది. మూడూ ఆరులే.

"ఆటే కదా బావా," అంటూ బావమరిది చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. టైపిస్టు చీటీ విప్పి బల్ల మీద పెట్టింది. 'నన్ను వదిలేస్తే అతని కుడి చెయ్యి నీది' అని ఉంది.

"అన్నా, ఈ ఆటలో చేతులూ కాళ్లూ ఉండవు. అంకెలే. దెబ్బ ఫలానా చోట అని ఇంతవరకూ ఎవరూ రాయలేదు. నేను కాదనాల్సింది."

అప్పుడర్థమైంది డాలుకి. పదేళ్ల తోడేళ్లు, గదలు, నిచ్చెనలు, అన్నీ వీడికోసమా! ఇంటికి చేరేసరికి మోచేతి నుంచి వేళ్ల దాకా చెయ్యి వాచిపోయింది.

"ఏమిటండీ ఇది?"

"రాక్షసుడు."

"తమ్ముడు?"

"బాగానే ఉన్నాడు."

సోమవారం డాలు వేళ్లు కట్టరుని పట్టనేలేదు. "చెయ్యే లేకపోతే ఏం కోస్తావయ్యా, వాడికి సాయం పట్టు" అన్నాడు ఓనరు. బావమరిది కోశాడు. గీత చక్కగానే పడింది. అందరూ భేష్ అన్నారు. ఆ సంబరంలో అద్దాన్ని ఒంటరిగా లేపబోయాడు. గీత పొడవునా అద్దం విడిపోయి పై సగం కిందికి జారింది.

డాలు పక్కనే ఉన్నాడు, మూరెడు దూరంలో. వీడి కోసం ఇక జన్మలో నోరు విప్పనని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నాడు. నోరు వింటేనా! "నా మీదికి!" అన్నాడు. దెబ్బ కోసం కళ్లు మూసుకుని మళ్లీ అన్నాడు, "నా మీదికి!"

దెబ్బ రాలేదు. గళ్ల కాగితం మీద విలుకాడింకా చేతికందకుండా గేటు అవతలే ఉన్నాడు, గడియ కూడా తీయలేదు. గాజు సూటిగా బావమరిది మణికట్టు మీదే దిగింది.

నరం తెగిందనీ, ఆ వేళ్లు ఇక మడవడం కష్టమనీ డాక్టరు చెప్పాడు. ఓనరు ఆసుపత్రి వరండాలోకి వచ్చి, "నీ వాపు తగ్గాక నువ్వే మేస్త్రీవి" అని వెళ్లిపోయాడు. మంచం మీద బావమరిది కళ్లనిండా నీళ్లు. "నువ్వు అనలేదు బావా. కావాలనే అనలేదు."

భార్య మొగుడి వంక తిరిగింది. "అన్నారా?"

"రెండుసార్లు అన్నానే."

ఆమె అతని ఎడమ చొక్కా చెయ్యి పైకి మడిచి చూసింది. మెడ చూసింది, వీపు తడిమింది. నిన్నటి వాపు తప్ప కొత్త గీత ఒక్కటి లేదు.

"మరి దెబ్బేదండీ?"

"వాడే గేటు వేసుకున్నాడే. కావాలంటే వాణ్నే అడుగు."

బావమరిది గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె అడగలేదు. చొక్కా చెయ్యి కిందికి దించి, కుర్చీని తమ్ముడి మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది.