ఓటు పాఠం

పిల్లలు విని కాదు, చేసి నేర్చుకోవాలి. నీ విద్యా సిద్ధాంతం ఏమిటని ప్రొద్దుటూరులో బీఈడీ చదివేటప్పుడు అడిగితే ఇదే రాశాను. రాసి ఊరుకోవచ్చు కదా. లేదు, జమ్మలమడుగు దగ్గరి పల్లె బడిలో, పరీక్ష పాఠం నాడే, మార్కులు వేసే షంషుద్దీన్ సార్ ముందరే చేసి చూపించాలని బుద్ధి పుట్టింది. ఆ పాఠం పోతే బీఈడీ పోయినట్టే.

పాఠం ఓటు హక్కు. స్టాండు మీది నల్లబల్ల చాటున అట్టపెట్టె పెట్టి, తలా ఒక చీటీ ఇచ్చి, నాకూ ఒకటి మేజా మీద పెట్టుకుని, ఒక్కొక్కరే వెళ్లి లీడరుకు ఓటేయమన్నాను. వెనక బెంచీలో ఉన్న సార్‌కు పాఠం కాగితాలు ఇచ్చి వచ్చేసరికి పిల్లలంతా చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆదినారాయణ ఒక్కడే బల్ల చాటునుంచి వచ్చాడు. ఊళ్లో ఒక పార్టీకి పెద్ద వాళ్ల నాయనే.

"అయిపాయ టీచర్. నేనే గెలిచినా."

"అందరూ ఏసినారా?"

"అందరివీ నేనే ఏసినా. మీదీ ఏసేసినా, మీకెందుకు శ్రమ."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తిడదామంటే వాడి తప్పేముంది? మొన్న పంచాయతీ ఎన్నికల్లో పెద్దవాళ్లు చేసింది చూశాడు, తనూ చేశాడు. నా సిద్ధాంతం ప్రకారం వాడికి నూటికి నూరు వేయాలి.

పులివెందుల బస్సు కోసం సార్ గడియారం చూసుకుంటున్నారు. "చప్పట్లు కొట్టించి ముగించు దేవకుమారీ. మార్కులు నేనేస్తా గానీ."

"లేదు సార్, మళ్లీ పెడతా."

"రీపోలింగా టీచర్? అట్లయితే వాకిలికాడ మావోళ్లను నిలబెడతా," అన్నాడు ఆదినారాయణ.

"నోరు మూసుకొని కూర్చో."

చీటీలన్నీ చించేసి కొత్తవి పంచాను. ముందు దీవెనమ్మను పిలిచాను. ఇన్నాళ్లలో ఆ పిల్ల గొంతు నేను వినలేదు.

"నేనా టీచర్?"

"నువ్వే. ఎవురికేస్తావో నాగ్గూడా చెప్పొద్దు."

చీటీ పట్టుకుని బల్ల వెనక్కి పోయింది. పోయింది పోయినట్టే ఉంది. సార్ లేచి తలుపు దాకా నడిచారు.

"ఇప్పుడు ముగించకపోతే పాఠం పూర్తి కాలేదని రాయాల్సొస్తాది. ఆ పిల్లను రమ్మను."

నాకు ఏడుపొక్కటే తక్కువ. "దీవెనమ్మా, ఏం చేస్తాండావు?"

బల్ల వెనక నుంచి సన్నగా వినిపించింది. "ఆలోచిస్తాండా టీచర్."

సార్ పెన్ను తీశారు.

"నిదానంగా ఆలోచించుకో తల్లీ," అన్నాను.