ఆవిరి గారెలు

కిందటి చలికాలం గుండెకి స్టెంటు వేశాక కృష్ణకాంత్‌కి డాక్టరు ఒక్కటే చెప్పాడు. మాంసం, గుడ్డు మానాలి, నూనె చుక్క, నెయ్యి బొట్టు ఒంట్లోకి పోకూడదు. ఆగిరిపల్లిలో ఆవకాయ లేకుండా ముద్ద మింగినవాడెవడు? ఆయన మింగాడు. మింగించింది ఆయన భార్య కీర్తిప్రియ. ఆ మహాతల్లి పోపు కూడా నీళ్లలోనే వేసేది. అది పోపెలా అవుతుందని అడగొద్దు.

మామిడికోతలు మొదలయ్యాక, తోటలో కాయల ట్రేలు తూచే కాటా మీదే ఆయనా ఎక్కి నిలబడేవాడు. పొట్ట కరిగింది, ఆయాసం పోయింది. "పెళ్లికొడుకులా ఉన్నారండీ" అన్నాడు కాటా దగ్గరుండే చిన్నయ్య. కీర్తిప్రియ పొంగిపోయింది. కథ అక్కడ ఆగినా బాగుండేది.

వైశాఖంలో అత్తగారి తిథి వచ్చింది. పెద్దలకి పెట్టేరోజు గారెలు వండాలి, ఇల్లంతా నూనె వాసన రావాలి. ఆ వాసనకే పోయినవాళ్లు వస్తారంటారు. ఆ వాసనకి మొగుడెక్కడ కక్కుర్తి పడతాడోనని కీర్తిప్రియ గారెలపిండిని ఇడ్లీ రేకుల్లో ఆవిరి మీద ఉడికించింది. నెయ్యి లేని పప్పన్నం పక్కన ఆ తెల్లటి ముద్దలు వడ్డించి, "ఈ ఏటికి సర్దుకోండి అత్తయ్యా, మీ అబ్బాయి కోసమేగా" అని దణ్ణం పెట్టింది. బతికుండగా మజ్జిగలో కూడా వెన్న వెతుక్కున్న మనిషి ఆవిడ. పోయాక సర్దుకుంటుందా?

ఆ మర్నాటి నుంచి కృష్ణకాంత్ బరువు ఆగకుండా దిగింది. బుగ్గలు పీక్కుపోయాయి. భుజాల మీద చొక్కా నిలవడం లేదు. చిన్నయ్య అంకె చెప్పడం మానేసి తల దించుకుంటున్నాడు. విజయవాడలో అన్ని పరీక్షలూ చేసి, ఏ రోగమూ లేదు, ఇక నెయ్యి పెట్టమన్నారు. కీర్తిప్రియ గరిటెతో పోసింది. ఆయన ఆకలిగానే తిన్నాడు. ఒక్క మెతుకూ వంటపట్టలేదు.

"నోట్లోకి పోతోందిగానీ పొట్టలోకి రావడం లేదు ప్రియా" అంటూ చెయ్యి చూపించాడు. నెయ్యన్నం కలిపిన ఆ చెయ్యి, ఇంకా కడగకముందే, పొడిగా ఉంది.

కీర్తిప్రియ హాల్లోకి వెళ్లి అత్తగారి ఫొటో ముందు నిలబడింది. అది ఆవిడ ఆఖరి ఏడాదిలో తీసిన ఫొటో, అందులో దవడలు లోపలికి పోయి ఉండేవి. ఇప్పుడు బుగ్గలు నిండుగా ఉన్నాయి. పెదవుల మీద నూనె మెరుస్తోంది. కొంగుతో అద్దం తుడిచింది. మెరుపు అద్దానికి లోపల ఉంది.

పరుగున వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద మూకుడు పెట్టి, గారెలు వేయించి, విస్తరి వేసింది. సాయంత్రందాకా చీమైనా ముట్టలేదు. తిథి దాటాక పెట్టింది పెద్దలకి అందదు. మళ్లీ వైశాఖం రావాలి, అప్పటిదాకా ఈ మనిషి మిగలడు. ఆ సంగతి తలుచుకుని ఏడ్చింది.

"ఆయన్ని వదిలెయ్యండి అత్తయ్యా. తప్పు చేసింది నేను. మీకు కావలసింది నా దగ్గర తీసుకోండి, నా ఒంటికేం తక్కువ?"

వారం తిరక్కుండా కృష్ణకాంత్ మొహంలో నెత్తురు కనిపించింది. కాటా దగ్గర చిన్నయ్య మళ్లీ అంకె గట్టిగా చెబుతున్నాడు.

కోతలు ముగిసే రోజుల్లో పక్కతోట బుజ్జమ్మ వచ్చి, కీర్తిప్రియని చూసి నోరు తెరిచింది. "నువ్వూ మీ ఆయన డైటే చేస్తున్నావా ఏంటి? చక్కనమ్మ చిక్కినా అందమేనని ఊరికే అన్నారా! ఆ కిటుకేంటో నాకూ చెప్పవే."

కీర్తిప్రియ నవ్వింది. ముంజేతి నుంచి జారిపోతున్న గాజుల్ని రెండో చేత్తో పట్టుకుంది.

"మళ్లీ వైశాఖం ఎప్పుడొస్తుంది వదినా?" అని అడిగింది.