పాయింట్లు లేని కారు

డీటర్‌ని వృద్ధాశ్రమంలో చేర్చిన మూడో వారానికి వీరాంజనేయులుకి ఒక సంగతి అర్థమైంది. ఫోన్లో తను మాట్లాడే జర్మన్ ఆ పెద్దాయనకి ఒక్క ముక్క కూడా అందడం లేదు.

ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే షెడ్డులో పనిచేశారిద్దరూ. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్ శివార్లలో, అమెరికన్ సైనిక స్థావరానికి పోయే దారిలో ఉన్న ఆ షెడ్డుకి డీటర్ యజమాని, వీరాంజనేయులు మెకానిక్. మొదటి నుంచీ వాళ్ళ మధ్య మాటలు తక్కువ. ఒకరు బానెట్ కిందికి వంగితే రెండోవాళ్ళు అడక్కుండానే సరైన పానా అందించేవాళ్ళు. నోటితో చెప్పాల్సింది చేతులు, కనుబొమలు చెప్పేసేవి. ఇప్పుడు చేతుల్లేవు, మొహం లేదు. చెవుడొచ్చిన ఎనభై ఒక్కేళ్ళ మనిషికి ఫోన్లో ఒట్టి గొంతు, అదీ బెజవాడ యాసలో జర్మన్. వీరాంజనేయులు రోజూ నాలుగింటికి ఫోన్ చేసేవాడు. "ఎవరు?" అని డీటర్ రెండుసార్లు అడిగేవాడు. తర్వాత ఊపిరి మాత్రం వినిపించేది. ఎవరో నర్సు వచ్చి ఫోన్ పెట్టేసేది.

వెళ్ళి చూద్దామంటే కుదరదు. అది 2020 అక్టోబరు. కరోనా నిబంధనల ప్రకారం ఒక్కొక్కరికి ఒక్కరే సందర్శకులు, వాళ్ళూ కుటుంబసభ్యులై ఉండాలి. డీటర్ కాగితాల్లో ఆ పేరు హాంబుర్గ్‌లో ఉండే కూతురు ఉల్రికెది. తుంటి విరిగిన తండ్రిని సెప్టెంబరు చివర్లో చేర్పించి వెళ్ళిన ఆవిడ మళ్ళీ రాలేకపోయింది. వీరాంజనేయులు గేటు దగ్గర నిలబడి, నేను ఆయన దగ్గర పనిచేస్తాను అని చెప్పుకున్నాడు. ఆ మాట విన్నాక లోపలి మనిషి మరింత మర్యాదగా తల అడ్డంగా ఊపింది.

అతనికి ఇంట్లోనూ ఎవరూ లేరు. భార్య రెనాటె పోయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. షెడ్డులోనూ పని లేదు. స్థావరం సైనికుల్ని బయటికి వదలడం లేదు. వదిలినా వాళ్ళిప్పుడు నడిపే జపాన్ బళ్ళకీ, కొరియా బళ్ళకీ అతని అవసరం లేదు. అతను ఓల్డ్స్‌మొబిల్ అనే అమెరికన్ కార్ల మెకానిక్. ఆ పేరుతో కార్లు రావడం ఆగిపోయి పదహారేళ్ళయింది.

అతను ఆటోనగర్లో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాడు. ఇరవై అయిదో ఏట కువైట్ వెళ్ళాడు. అక్కడి వర్క్‌షాపులో మొదటిరోజే ఓల్డ్స్‌మొబిల్ ఇంజను తెరిచి చూపించారు. చెయ్యి పట్టేంత చోటు, ఎక్కడ విప్పాలో బోల్టే చెబుతున్నంత తేట. ఇది తీరిక ఉన్నవాళ్ళు చేసిన బండి అనుకున్నాడు. ఆ వర్క్‌షాపుకి విడిభాగాలు డీటర్ షెడ్డు నుంచే వచ్చేవి. ఆర్డర్లు రాసేది వీరాంజనేయులే. ఎనిమిదేళ్ళు ఇద్దరూ మొహాలు చూసుకోకుండానే వచ్చీరాని ఇంగ్లీషులో ఉత్తరాలు నడిపారు. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు, పదకొండుమందిని ఒక పాత ఓల్డ్స్‌మొబిల్ డెల్టా కారులో కుక్కుకుని, ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దుకి చేరాడు. బెజవాడ తిరిగొచ్చాక ఆ కారు ఒక్కచోట కూడా ఆగలేదని డీటర్‌కి రాశాడు. అంతకుమించి ఏమీ అడగలేదు. మూడు నెలలకి పని ఇస్తానని జవాబు వచ్చింది.

ఇక్కడికొచ్చాకే ఓల్డ్స్‌మొబిల్ కథ పూర్తిగా తెలిసింది. డీటర్ దాన్ని సైన్యం లెక్కలో చెప్పేవాడు. కొత్తగా చేరిన సిపాయి షెవ్రొలే కొంటాడు, జనరల్ కాడిలాక్ ఎక్కుతాడు, ప్రమోషన్ వచ్చిన సార్జంటు ఓల్డ్స్‌మొబిల్ కొంటాడు. మధ్యమెట్టు బండి. ఒకప్పుడు అమెరికాలో అందరికంటే ఎక్కువ అమ్ముడుపోయిన కారు వాళ్ళ కట్లస్. తర్వాత ఏమైందంటే, పై మెట్టుకీ కింది మెట్టుకీ తేడా చెరిగిపోయింది. ఆ పేర్లన్నీ ఒకే కంపెనీవి కావడంతో, ఒకే బండికి నాలుగు పేర్లు తగిలించి అమ్మారు. కుర్రవాళ్ళు అది తాతల కారనుకున్నారు. 2000 డిసెంబరులో, ఇక ఆ పేరు ఆపేస్తున్నామన్న వార్త షెడ్డులోని సైనిక రేడియోలో వచ్చింది. డీటర్ రేడియో కట్టేసి, చేతిలోని పని పూర్తిచేశాడు. ఆరోజంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. అయితే మామూలు రోజుల్లోనూ అంతే కాబట్టి బయటివాళ్ళకి తేడా తెలిసి ఉండదు.

ఇప్పుడు షెడ్డులో మిగిలింది డీటర్ సొంత బండి, 1977 కట్లస్. ఇంజను దించి, ఇద్దరూ కలిసి మొదటి నుంచీ కడుతున్నారు. సగంలో డీటర్ పడిపోయాడు.

షెడ్డు పైగదిలో అఫీఫా అనే విద్యార్థిని అద్దెకుంటోంది. ఏడాదిగా ఇద్దరూ మెట్ల దగ్గర తలలూపుకోవడమే. అక్టోబరు ఆఖర్లో హీటర్ పనిచెయ్యడం లేదని చెప్పడానికి ఆమె కిందికొచ్చింది. వస్తూ ఫోన్లో తమ్ముణ్ణి తెలుగులో కేకలేస్తోంది. వీరాంజనేయులు పానా పక్కన పెట్టి, మీది ఏ ఊరమ్మా అన్నాడు. ఆ అమ్మాయి తమ్ముడి ఫోన్ కట్టేసింది. ఇన్నాళ్ళూ ఆయన్ని శ్రీలంక మనిషనుకుంది. ఆమెది నల్గొండ, చదివింది హైదరాబాదులో. క్లాసులన్నీ లాప్‌టాప్‌లోనే కావడంతో తొమ్మిది రోజులుగా ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడలేదట. తనకి రెనాటె పోయాక ఇంట్లో ఏ భాషా లేదన్న మాట వీరాంజనేయులు చెప్పలేదు. హీటర్ బాగుచేసి, టీ కాచాడు.

ఉత్తరాలు రాద్దామన్నది అఫీఫాయే. అతనికి జర్మన్ మాట్లాడ్డమే గాని రాయడం రాదు. అతను తెలుగులో చెప్తే ఆమె జర్మన్‌లో టైపు చేసేది. షెడ్డు తలుపు తెరిచి, మాస్కులతో, కట్లస్‌కి చెరోవైపు కూర్చునేవారు. అతను చెప్పేవన్నీ పని సంగతులే. వాల్వులు రుద్దాను. వెనక సీలు మార్చాను. పిస్టన్ రింగులు నువ్వు చెప్పినవే వేశాను. అఫీఫా మొదట్లో నవ్వింది, ఆయన ఎట్లున్నడో ఒక్క ముక్క అడగరా అని. అలాంటివి మేం అనుకోం అన్నాడు.

డీటర్ నుంచి పోస్టుకార్డులొచ్చాయి. వణికిన అక్షరాలతో, రెండేసి వాక్యాలు. గొట్టాలన్నీ కొత్తవి వెయ్యి. తొందరపడకు. వీరాంజనేయులు వాటిని పనిబల్ల పైన వరసగా గుచ్చాడు.

నవంబరు చివర్లో వచ్చిన కార్డు అఫీఫా చదివి వినిపించింది. సీబీ పాయింట్ల గ్యాప్ సరిచేశావా, థౌల్లో, అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో, ఎంత పెట్టావు అని ఉంది. వీరాంజనేయులు మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి తనే చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఏమైంది అంకుల్?"

"ఈ బండికి పాయింట్లుండవమ్మా. డెబ్బై అయిదు నించి స్పార్కిచ్చేదంతా ఎలక్ట్రానిక్కే. ఆ సంగతి నాకు చెప్పిందే ఆయన."

పెద్దవాళ్ళు మరిచిపోతుంటారు అంది అఫీఫా. వీరాంజనేయులు తల అడ్డంగా ఊపాడు. డీటర్ భార్య పుట్టినరోజు మరిచిపోయేవాడు, బిల్లులు మరిచిపోయేవాడు. ఇంజన్ల సంగతి మరిచిపోవడం అతనెరగడు. బానెట్ దించాడు. తర్వాత రాయమన్నాడు.

"చేశాను, పదహారు థౌ పెట్టానని రాయి."

"అబద్ధం రాయమంటున్రా?"

"రాయమ్మా."

పని విషయంలో అతను చెప్పిన మొదటి అబద్ధం అది. ఆ ఉత్తరం పెట్టెలో వేసి వచ్చాక ఆరోజు ఇంక పానా ముట్టుకోలేదు.

డిసెంబరు మధ్యలో దేశమంతా మళ్ళీ మూసేశారు. క్రిస్మస్ ముందు ఒక కవరు వచ్చింది, పైన షెడ్డు చిరునామా ఎవరో నర్సు రాసింది. లోపల డీటర్ రాసిన ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. "అయ్యా, మీ ఉత్తరం అందింది. మీ వర్క్‌షాపుకి కావలసిన ట్రాన్స్‌మిషన్ సీళ్ళు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఎన్ని పంపమంటారో తెలుపగలరు." పైన తేదీ 1985. చిరునామా కువైట్, సర్వీస్ విభాగం. అక్షరాలు పోస్టుకార్డుల్లో కంటే నిలకడగా ఉన్నాయి.

అఫీఫా కాగితం మడిచి, నెమ్మదిగా అడిగింది. "మీరెవరో గుర్తు చేద్దామా అంకుల్? నిజం రాస్తే యాదికొస్తదేమో."

వీరాంజనేయులు జవాబివ్వడానికి ఒక రోజు తీసుకున్నాడు. మర్నాడు ఆమె కిందికి రాగానే చెప్పాడు. "గుర్తొస్తే ఏమయిద్దమ్మా? తుంటి ఇరిగి ఆ గదిలో ఉన్నాడని తెలిసిద్ది. మన బళ్ళు రావడం ఆగిపోయిందనీ తెలిసిద్ది. పన్నెండు సీళ్ళు పంపమని రాయి."

అలా శీతాకాలమంతా నడిచింది. వారానికొక ఉత్తరం. డీటర్ రాతల్లో షెడ్డు కళకళలాడుతోంది. సార్జంట్లు వరసలో నిలబడుతున్నారు. పోయిన ఏడాది పది లక్షల కార్లు దాటాయట, వచ్చే ఏడాది మరో మనిషిని పెట్టుకోవాలట. వీరాంజనేయులు విని, మాకూ ఇక్కడ చేతినిండా పని ఉందని రాయించేవాడు. చుట్టూ చూస్తే చల్లబడ్డ షెడ్డు, ఒక ఇంజను, కిటికీ అవతల మంచు. ఒకసారి రాయించడం మధ్యలో ఆగి, ఇనుపబల్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ స్నేహంలో తన భాగం తనొక్కడే మోస్తున్నాడు. 1985లో ఉన్న డీటర్‌కి రెండో సగం ఇంకా మొదలే కాలేదు. అఫీఫా లాప్‌టాప్ మూసింది.

ఫిబ్రవరి ఆఖరు నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. ఏప్రిల్లో, వృద్ధాశ్రమంలో అందరికీ టీకాలు అయ్యాక, బయటివాళ్ళనీ రానిస్తామన్నారు. అఫీఫా ఫోన్ చేసి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుంది, గురువారం మూడింటికి, అరగంట. వీరాంజనేయులు ముక్కులో పుల్ల పెట్టించుకుని, పరీక్ష కాగితం చూపించి, మాస్కుతో లోపలికెళ్ళాడు.

డీటర్ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. సగమైపోయాడు. లోపలికొచ్చిన మనిషిని చూసి కాలర్ సర్దుకున్నాడు.

"కూర్చోండి," అన్నాడు. "మీకేం కావాలి?"

జర్మన్‌లోనూ నువ్వు వేరు, మీరు వేరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా నువ్వే. మీరు అన్న ఆ ఒక్క మాటకి వీరాంజనేయులు దారంతా కూడబలుక్కున్నదంతా పోయింది. మాస్కు తీస్తే గుర్తుపడతాడేమో అనిపించింది. కాని గుమ్మం దగ్గర నర్సు ఉంది. పైగా తీశాక కూడా గుర్తుపట్టకపోతే? తియ్యలేదు.

పేరు చెప్పాడు. కార్ల మెకానిక్కునని చెప్పాడు. ఈసారి చెవికి దగ్గరగా, నెమ్మదిగా, చేతులు తిప్పుతూ చెప్పాడు. డీటర్ ఆ చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు. గోళ్ళలో నల్లగా ఉన్న నూనె చూశాడు.

"మంచి పని," అన్నాడు. "అందులో మోసం ఉండదు."

టైమయిందని నర్సు చెప్పింది. వీరాంజనేయులు లేచాడు. మళ్ళీ రావచ్చా అని అడిగాడు. నేనెప్పుడూ ఇక్కడే ఉంటాను, మీరు తీరిక చూసుకుని రండి అన్నాడు డీటర్.

తర్వాత ప్రతి గురువారం వెళ్ళాడు. ప్రతి గురువారం పేరు చెప్పుకుని, మెకానిక్కునని చెప్పి, కూర్చున్నాడు. ఆగస్టులో అఫీఫాకి స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం వచ్చింది. సూట్‌కేసులు రైలెక్కించి, షెడ్డుకొచ్చి, పైగది కిటికీలు మూశాడు. నవంబరులో డీటర్ నిద్రలోనే పోయాడు. శ్మశానంలో ఉల్రికె అతన్ని బంధువులకి, నాన్న దగ్గర పనిచేసిన మనిషి అని పరిచయం చేసింది. అతను దిద్దలేదు. కాస్త ఆగి ఆవిడే, ఇంకెవరూ వచ్చేవాళ్ళు కాదని నర్సులు చెప్పారు అంది. షెడ్డు వసంతం దాకా ఉంచుతానని, కారు మీరు తీసుకోండని చెప్పింది.

కట్లస్ మార్చికి పూర్తయింది. వాహన తనిఖీ కేంద్రంలో కుర్ర ఇన్‌స్పెక్టరు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఈ కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదన్నాడు. లోపం ఒక్కటీ లేదని రాసిచ్చాడు. బయటికొచ్చి వీరాంజనేయులు కారులోనే కూర్చుని అఫీఫాకి ఫోన్ చేశాడు. మీటింగులో ఉన్నాను, సాయంత్రం చేస్తానని మెసేజి వచ్చింది.

అన్నట్టే సాయంత్రం చేసింది. పాసైందని చెప్పాడు.

"ఎట్ల నడుస్తుంది అంకుల్?"

రెండో గేరు నుంచి మూడోదానికి మారడం తెలియనే తెలియదని మొదలుపెట్టాడు. ఆమె వింటూనే ఉంది. అతను షెడ్డులో కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంజను సంగతులన్నీ తీరిగ్గా చెప్పసాగాడు.