ఈతచాపంత నీడ

ఎండాకాలం వస్తే ఏర్పేడు పక్కన ఆ పల్లెలో సంఘానికి చేతినిండా పని. పొద్దున ప్రార్థన కాగానే ఉపదేశి ప్రేమానందం బైబిలు సంచిలో పెట్టి, నిచ్చెన భుజానికెత్తేవాడు. వానలు దిగేలోగా మగదిక్కు లేనివాళ్ల ఇళ్లకు వంతులవారీగా కప్పు వేయాలి. వెనక ఆడా మగా, అందరికంటే వెనక తిట్టుకుంటూ సంతోషమ్మ.

ఆమె లేకపోతే పొద్దెక్కాక పని సాగదు. పుట్టినప్పటినుంచీ ఆమె చుట్టూ ఈతచాపంత నీడ నడుస్తుంది. పైన మబ్బు ఉండదు, చెట్టు ఉండదు, నీడ మాత్రం ఉంటుంది. అందుకే ఆమెను నిచ్చెన ఎక్కించి కప్పు నడినెత్తిన కూర్చోబెడతారు. అక్కణ్ణుంచి ఆమె ఇంటివాళ్ల లోపాలన్నీ ఊరికి చదివి వినిపిస్తుంది. సంతకు పోయేవాళ్లు కూడా ఆమె బయల్దేరేదాకా ఆగి, తిట్లు తింటూ చల్లగా నడుస్తారు.

ఆ ఏడు వంతు గురవమ్మ ఇంటికొచ్చింది. గురవమ్మ సంతోషమ్మకు తోడికోడలు, గోడ అవతల కాపురం, పైగా బద్ధశత్రువు. ఆమె కోడి ఈమె గడ్డివాములో గుడ్లు పెట్టడంతో మొదలైంది తగవు. కోడి ఎప్పుడో కూరైపోయింది. పగ మాత్రం ఇంకా గుడ్లు పెడుతూనే ఉంది. సమాధానపడనివాళ్లు ప్రభువు బల్లకు రాకూడదు గనక, రొట్టె విరిచే ఆదివారాల్లో ఇద్దరూ గుడి బయట చెరో మూలన నిలబడి ఉమ్ముకునేవాళ్లు.

"ఆ యమ్మ ఇంటిమీద నా నీడ పడదు," అంది సంతోషమ్మ.

"పడితే కొత్తకప్పు కుళ్లిపోతాది," అంది గురవమ్మ.

సరే, ఆమె లేకుండానే పాతకప్పు పీకేశారు. పీకాక చూస్తే కొత్తకప్పుకు బోదగడ్డి తెచ్చే బండి రాలేదు. కాళహస్తి దారిలో చక్రం పట్టా ఊడిందట. ఇనుమంతా యుద్ధానికి పోయిన రోజులు, కొత్తది యాడ దొరుకుతుంది? నాలుగు గోడల మధ్య గురవమ్మ కూతురు ఎస్తేరు, పచ్చి బాలింత, పక్కన పొత్తిళ్లలో మగబిడ్డ. పైన కట్టిన చీరలు వడగాలికి ఎగిరిపోయాయి.

"మా ఇంటికి తీసుకపోదాం," అన్నాడు ప్రేమానందం.

"పురుడు తీరకుండా బాలింత గడప దాటేదా? గాలి సోకితే ఎవురు దిక్కు అయ్యగారూ?" అని గురవమ్మ అడ్డం పడింది. ఏసును నమ్మినా, గాలిని నమ్మడం ఇంకా మానలేదామె.

మిట్టమధ్యాహ్నానికి బిడ్డ పాలు తాగడం మానేశాడు. ఆ తర్వాత ఏడవడం కూడా మానేశాడు. గోడ అవతల చింతపండు కొడుతున్న సంతోషమ్మకు ఆ ఏడుపు ఆగడం వినిపించింది. ఇంకో కాయ తీసుకుంది గానీ చెయ్యి లేవలేదు.

"ఓసి పాపిష్టిదానా! గాలికి బయపడి బిడ్డను ఎండకు సంపుకుంటావా?" అని అరుచుకుంటూ వచ్చి గురవమ్మ గడప దాటింది. నీడ మంచం మీద పరుచుకుంది.

"నిన్నెవురు పిలిసినారు?"

"నీ మొగం సూసేదానికి రాలేదులే. జరుగు!"

ఎస్తేరు తడిగుడ్డతో బిడ్డ పెదాలు తుడిచింది. నీడ ఇరుకు. అందులోనే తోడికోడళ్లిద్దరూ మోచేతులతో పొడుచుకుంటూ, చచ్చిన కోడిని మళ్లీ లేపి పోట్లాడుకున్నారు. చివరికి బిడ్డ కేరుమన్నాడు. ఎస్తేరు కళ్లనీళ్లతో రొమ్ము అందించింది.

బండి జాడ లేదు. ఇంటికాడ మేక అరుస్తోంది. సంతోషమ్మ లేచింది, నీడా లేచింది. బిడ్డ మొహం మీద ఎండ పడింది.

ఆమె వెనక్కి తిరిగి నీడను గద్దించింది. "యాడికొస్తా ఉండావు? నా కొంగు పట్టుకోని ఎన్నాళ్లు తిరుగుతావు? ఈడే పడుండు!"

అడుగేసింది. నీడ కదలబోయి ఆగింది. జన్మలో మొదటిసారి సంతోషమ్మ భుజం ఎండలో మెరిసింది.

"చిన్నమ్మా!" అంది ఎస్తేరు.

"నోరు మూసుకోని పాలియ్యి."

బయట నేల పెనంలా కాలుతోంది. ఎన్నడూ అవసరం లేక ఆమె చెప్పులే కొనలేదు. కాళ్లు కాలిన కోడిలా ఎగిరెగిరి పోతుంటే, ఏదో వచ్చి వీపుకు తగిలింది. గురవమ్మ చెప్పు. వెంటనే రెండోది.

చెప్పు విసరడమంటే మాటలా? ఊరంతా గడపల్లోకి వచ్చి నిలబడింది. సంతోషమ్మ రెండూ ఏరుకుంది, తిప్పి చూసింది.

"మడమంతా అరిగిపోయినాది," అని తిట్టి, తొడుక్కుని పోయింది.

పాదిరిగారు వచ్చి రొట్టె విరిచే ఆదివారం ఇద్దరూ గుడి దగ్గరికి వచ్చారు. ప్రేమానందం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"సమాధానపడినారా?"

"దీంతోనా? నన్ను చెప్పిసిరి కొట్టినాది!"

"ఆ చెప్పులు ఇంతవరకూ తిరిగియ్యలేదు అయ్యగారూ, దొంగది!"

ఉపదేశి ఒకసారి సంతోషమ్మ చెమటమొహం చూశాడు. గురవమ్మ ఒట్టికాళ్లు చూశాడు. ఆమె చేతుల్లో, ఈతచాపంత నీడలో నిద్రపోతున్న బిడ్డను చూశాడు. గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

"చెప్పులు బయట విడిచి రండమ్మా," అన్నాడు.