క్రాసు

నాలుగో అట్ట చేతిలోకి తీసుకోగానే అది తడి పీల్చిందని ఆయన వేళ్లకు తెలిసిపోయింది. మడతకు లొంగుతుంది గాని నిలబడదు. పక్కన పడేసి ఐదోది తీశాడు. కొమ్ముతో చేసిన మడతపుల్లను గీత వెంట ఒక్కసారి లాగి, అట్ట మడిచి, మూలలు కూర్చి, మూత మూసి, ఎదురుగా పెట్టుకుని కాసేపు చూశాడు. ఈ ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్లే ప్రతి రకం పెట్టెకూ మొదటిది ఈ నమూనాల గదిలో, ఈ బల్ల మీదే పుడుతుంది. యంత్రాల వంతు ఆ తర్వాతే. అందుకే ఆయన్ని అందరూ మడతాయన అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెంటనే పలకడు.

ఇరవై ఆరేళ్లుగా అట్టను రుద్దీ రుద్దీ వేలికొసలు నున్నబడిపోయాయి. గేటు దగ్గర పెట్టిన వేలిముద్రల యంత్రం ఆయన్ని గుర్తుపట్టదు. రోజూ నాలుగుసార్లు వేలు పెట్టడం, అది ఎర్రదీపం వెలిగించి కసురుకోవడం, చివరికి కాపలావాడు నవ్వుతూ కాగితం మీద రాసుకోవడం. వేళ్లు అరిగిందీ వీళ్ల పనిలోనే, నువ్వెవరని అడిగేదీ వీళ్లే. అయినా ఆయన ఏనాడూ మారుమాట్లాడలేదు. నోట్లో నాలుక లేని మనిషని పేరు.

ఇవాళ ఆ నోరు పొద్దున్నుంచీ చేదుగా ఉంది. పదకొండింటికి మేనేజరు రమ్మన్నాడు.

రెండేళ్ల కిందట ఆయన భార్యకు కుడిచెయ్యి పడిపోయింది. ముప్పై ఏళ్లు కుట్టుమిషను మీద ఆడిన చెయ్యి. ఒకనాడు ఆయన ఇంటికొచ్చేసరికి ఆమె మందుల పెట్టెను పళ్లతో కొరుకుతోంది. ఆయన్ని చూసి గబుక్కున ఒళ్లో దాచుకుంది. ఆ దాచుకోవడాన్ని ఆయన తట్టుకోలేకపోయాడు. ఫ్యాక్టరీ చెత్తబుట్టలోంచి అట్టముక్కలు తెచ్చి, ఒంటిచేత్తో తెరుచుకునే పెట్టె కోసం ఆరు నెలలు వంటింటి గట్టు మీద కుస్తీ పట్టాడు. బొటనవేలితో నొక్కితే మూత లేవాలి, వదిలితే పడాలి. లేస్తే చిరిగేది, చిరగకపోతే లేచేది కాదు.

"నిలువుగా కోస్తున్నావు గదయ్యా," అంది ఆమె ఓ సాయంత్రం. "గుడ్డయితే నేను క్రాసు తీసేదాన్ని. ఏటవాలుగా కత్తిరిస్తే సాగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. అట్టకు మాత్రం నార ఉండదేంటి?"

ఉంటుంది. అన్నేళ్లు అట్టతో కాపురం చేసినవాడికి ఆ సంగతి తట్టలేదు. అట్టను ఏటవాలుగా పెట్టి కోశాడు. ఆమె ఎడమ బొటనవేలు ఆనించింది. మూత లేచింది. పదిసార్లు తెరిచి మూసి, చిన్నపిల్లలా నవ్వింది. నార ఎటు పోవాలో గుర్తుకు ఆయన మూత మీద పెన్సిలుతో ఓ ఏటవాలు గీత గీసి, పక్కన ఆమె మాటే రాసుకున్నాడు, క్రాసు అని.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. మూలలు ఇంకాస్త నున్నగా చేద్దామని పెట్టెను ఫ్యాక్టరీకి తెచ్చాడు. బొమ్మలు గీసే కుర్ర ఆఫీసరు చూసి, "భలే ఉంది మామా, ఒకసారి చూసిస్తా," అని పట్టుకెళ్లి మూడోరోజు తిరిగిచ్చాడు. ఐదు నెలలకు హాలు గోడ మీద పటం వెలిసింది. అద్దం వెనక ఆ పెట్టె బొమ్మ, రూపకర్తగా ఆఫీసరు పేరు, హక్కుదారుగా కంపెనీ పేరు. అందరూ చప్పట్లు కొట్టారు. మడతాయన కూడా కొట్టాడు. ఎందుకు కొట్టాడో ఆయనకే తెలియదు. తలుచుకున్నప్పుడల్లా తన చేతుల మీద తనకే అసహ్యం వేస్తుంది.

మేనేజరు గదిలో బల్ల నిండా ఆ పెట్టెలే. యంత్రం చేసినవి. సగం మూతలు చిరిగి ఉన్నాయి.

"కూర్చో," అన్నాడు మేనేజరు. "ఇది తెరుచుకోవడం లేదు. బొమ్మలో ఉన్నట్టే చేశాం."

మడతాయన ఒకటి తీసుకుని వేలితో తడిమాడు. నార నిలువుగా ఉంది. "క్రాసు చూడలేదా?" అన్నాడు.

"చూశాం," అన్నాడు పక్కనే నిలబడ్డ కుర్ర ఆఫీసరు చిరాగ్గా. "గీత పక్కన క్రాస్ అని రాశావు కదా. కొట్టెయ్యమన్నావని గీత కొట్టేశాం. తెరుచుకోలేదు. మళ్లీ ఆ గీత దగ్గరే మడత పెట్టించాం. చిరిగిపోతోంది."

మడతాయనకు నవ్వొచ్చింది. పటం కట్టించుకున్న మహానుభావుడికి పటంలో ఏముందో తెలియదు. అయినా చెప్పేద్దామనే నోరు తెరిచాడు. అడిగితే చెప్పడం అలవాటైన నోరు.

ఈలోగా మేనేజరు ఓ కాగితం ముందుకు తోశాడు. "అదేంటో చెప్పి, దీని మీద సంతకం పెట్టి వెళ్లు."

మడతాయన కూడబలుక్కుని చదివాడు. ఈ పెట్టె ఆలోచన కంపెనీ పనిలో, కంపెనీ సరుకుతో వచ్చిందట. ఇందులో బయటివారెవరికీ పాలు లేదట. ఇకమీదట ఆయనకు ఎక్కడ ఏ ఆలోచన వచ్చినా కంపెనీదేనట.

"ఇంట్లో వచ్చినా కూడానా సార్?"

"అట్ట ఎవరిది?"

"చెత్తబుట్టలోది సార్."

"చెత్తబుట్ట ఎవరిది?"

అరికాలి మంట నెత్తికెక్కింది. తన సంగతయితే ఆయన సంతకం పెట్టేసేవాడే. ఇరవై ఆరేళ్లుగా పెడుతూనే ఉన్నాడు. ఆమె మందులు వచ్చేది ఈ కంపెనీ ఆసుపత్రి నుంచే. ఆ సంగతి ఎదురుగా ఉన్న ఇద్దరికీ తెలుసు. తెలిసే కాగితం తోశారు. కానీ ఆ రెండో మాట మీద ఆయన వేలు ఆగిపోయింది.

"ఎవరికీ పాలు లేదని రాశారు. ఉంది."

"ఎవరికి?"

"మా ఇంటావిడకి. అసలు సంగతి ఆవిడే చెప్పింది."

ఆఫీసరు నవ్వాడు. "ఆవిడ ఇక్కడ పనిచేయదు కదా మామా."

"చేయదు. అందుకే అది మీది కాదు."

మేనేజరు గొంతు తగ్గించాడు. "సంతకం లేకుండా గేటు దాటితే మళ్లీ లోపలికి రావడం ఉండదు. ఆసుపత్రి కూడా ఉండదు. ఆలోచించుకో. ముందు ఆ క్రాసంటే ఏంటో చెప్పు."

"ఆలోచన మీదన్నారు గదా సార్. మీకే తెలియాలి."

ఆ మాట అనిపించింది భయం కాదు, కోపం. ఇన్నేళ్లూ ఎక్కడ దాచుకున్నాడో అంత కోపాన్ని. ఆ కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టాడు, కొసలన్నీ కలిసేలా. ఇంకా మూత వేయని, చిరగని పెట్టె ఒకటి ఏరి, అందులో పెట్టి, మూత మూసి బల్ల మధ్యలో ఉంచాడు. నమూనాల గదికి వెళ్లి మడతపుల్లను జేబులో వేసుకుని బయటికి నడిచాడు.

గేటు దగ్గర అలవాటుగా వేలు పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది.

"ఇంత పెందలాడే ఏంటన్నా?" అంటూ కాపలావాడు కాగితం తీశాడు. "ఏమని రాయను?"

"వెళ్లాడని రాయి."

ఇంటికెళ్లి ఆమెకు ఏం చెప్పాలో, రేపటి మందులు ఎక్కణ్ణుంచి తేవాలో ఆయనకు తెలియదు. ఆమె ఊరుకోదు, తిడుతుంది. తిట్టి, తర్వాత అడుగుతుంది, నా మాట వాళ్లకు చెప్పలేదు గదా అని. చెప్పలేదని చెప్పగలడు. ఎండలో రోడ్డు దాటాడు.

మేనేజరు గదిలో బల్ల మధ్యన ఆ పెట్టె సాయంత్రం దాకా అలాగే ఉంది, సంతకం లేని కాగితాన్ని లోపల పెట్టుకుని, మూత మీద తెరవబోయినవాళ్ల నాలుగు గోళ్ల గాట్లతో.